వాకిలి మీద గొర్రెపిల్ల

కోవిల్‌పట్టి

కోవిల్‌పట్టికి ఊరు చూడ్డానికని వెళ్ళేవాళ్ళు ఉండరు. అక్కడ దిగేవాళ్ళకి పనన్నా ఉండాలి, చుట్టాలన్నా ఉండాలి. నాకు రెండూ ఉన్నాయి. సికింద్రాబాదులో రైలెక్కినప్పటి నుంచీ ఫోను చేతిలోంచి దించలేదు. మద్రాసు దాటాక సిగ్నల్ గీతలు వస్తూ పోతూ ఉన్నాయి. రోమింగులో వచ్చిన కాల్‌కి కూడా డబ్బులు పోతాయని తెలిసినా, మామయ్య మళ్ళీ చేస్తాడేమోనని స్క్రీను నొక్కి నొక్కి చూస్తూనే ఉన్నాను. ఎదుటి సీట్లో ఒక పెద్దావిడ నా అవస్థ చూడలేక వచ్చీరాని తెలుగులో అడిగింది, ఆస్పత్రికా అని. కాదన్నాను. పెళ్ళికా? కాదన్నాను. మరి దేనికి ఇంత కంగారు? "గొర్రెపిల్లకి కళ్ళు పెట్టలేదండీ" అన్నాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి మదురై వచ్చేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

బుధవారం మామయ్య ఎస్.టి.డి. బూత్ నుంచి చేసిన కాల్ ఇంతే: "పాపా, బొమ్మల మేస్త్రి కోపం చేసుకోని ఎల్లిపోయినాడు. ఆదివారం చర్చిలో అసనం విందు. బిషప్పయ్య వస్తాడు. గొర్రెపిల్లకి ఇంగా కన్ను లేదు. నువ్వు గీసిస్తివి గదా, నువ్వొచ్చి చెప్తే వింటారేమో."

మామయ్య అంటే మా అమ్మకి అన్న, జ్ఞానముత్తు. అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలకి మందు పట్టించే పని చేసి మానేశాడు. వాళ్ళు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అత్తయ్య ఎస్తేరమ్మ పోయిన ఏడాది చనిపోయింది. ఆమె పెరిగింది మిషన్ వాళ్ళ ఆడపిల్లల బోర్డింగులో. ఆ బోర్డింగు వాకిలి మీద పాత ఆంగ్లికన్ డయాసిస్ వాళ్ళ డాలు ఉండేదట. భవనం కూలగొట్టారు, డాలూ పోయింది. దాన్ని తమ ఊరి చర్చి ముందు ఆర్చి మీద మళ్ళీ కట్టించి, కింద ఆమె పేరు రాయించాలని మామయ్య కోరిక.

డాలు సంగతి చెప్పాలి. ఇంగ్లండులో రాజులకీ జమీందార్లకీ ఉన్నట్టే బిషప్పుల ఇలాకాలకీ ఒక్కో డాలు బొమ్మ ఉంటుంది. దొరలు ఇక్కడ డయాసిస్‌లు పెట్టినప్పుడు ఆ అలవాటూ వెంట తెచ్చారు. పైన కిరీటం బదులు బిషప్పు టోపీ, వెనక అడ్డంగా ఒక తాళంచెవి, ఒక కాపరి కర్ర, కింద నాడాలాంటి పట్టీ మీద లాటిన్ వాక్యం. మన దగ్గర పాత చర్చిల్లోనూ ఉంటాయి, ఫ్యాను వెనకో గడియారం వెనకో. తలెత్తి చూడం. ఈ డాలులో ఎర్ర నేల మీద తెల్ల గొర్రెపిల్ల, దాని కాలి దగ్గర జెండా. పాత పింగాణీ పళ్ళెం మీది బొమ్మకి జిరాక్సు తీసి మామయ్య పంపితే, మా ప్రింటింగ్ షాపులో కంప్యూటర్ మీద నేనే పెద్దది చేసి గీసిచ్చాను. పెళ్ళికార్డుల మధ్యలో చేసిన పని.

స్టేషన్లో మామయ్య చేతిలో కడలమిఠాయి పొట్లంతో నిలబడి ఉన్నాడు. మన పల్లీపట్టీయే గానీ బెల్లం పాకం పల్చన, పల్లీ పల్లీ విడిగా తెలుస్తుంది, చివర్లో ఏలక్కాయ వాసన. పొట్లం పది రూపాయలు. కంగారులో సగం నేనే తినేశాను.

"రైల్లో కూడు తింటివా పాపా?"

"అది తర్వాత మామయ్యా. అసలు ఏమైంది?"

"బస్సులో చెప్తా. కోపం ఇప్పుడే జాస్తి చేసుకోవద్దు, అక్కడికి కొంచెం మిగిలించుకో."

నాగలాపురం దాటాక

నల్ల నేల, ముళ్ళకంప, మధ్యమధ్య జొన్న. ఇళ్ళ అరుగుల మీద ఆడవాళ్ళు అగ్గిపెట్టెల డబ్బాలు మడుస్తూ మాట్లాడుకుంటున్నారు, చేతుల వైపు చూడకుండానే. మా ఇళ్ళల్లో ఆ వేళకి టీవీ నడుస్తుంటుంది, ఇక్కడ వేళ్ళు నడుస్తున్నాయి. నాగలాపురం దాటి ఇంకాస్త వెళ్తే మామయ్య వాళ్ళ ఊరు.

ఆర్చి దూరం నుంచే కనపడింది. దగ్గరికి వెళ్ళాక నా ఫోను కూడా జేబులో పెట్టేశాను. నేను గీసింది గీతలు. పైనున్నది ఒళ్ళున్న గొర్రెపిల్ల. ఉంగరాలుంగరాల బొచ్చు, ముందుకాలు ఎత్తి జెండా పట్టుకుని ఉంది. గుడి గోపురాల మీద బొమ్మలు చేసే గురుసామి మేస్త్రి పని. కానీ మొహం! నేను గీసినప్పుడు పక్కకి తిరిగి ఉన్న మొహం, ఇక్కడ నేరుగా మనవైపే తిరిగి ఉంది. అందులో రెండు కళ్ళూ ఉత్త తెల్ల గుండ్లు.

చర్చి కమిటీ సెక్రటరీ డేనియల్ సార్ అప్పటికే గొడుగుతో వచ్చి నిలబడ్డాడు. రిటైరైన టీచరు. ఇంట్లో ఆయనదీ తెలుగే గానీ చర్చి కాంపౌండ్లో తమిళం తప్ప మాట్లాడడట. నా కోసం నియమం సడలించాడు.

"నువ్వు గీసినదాంట్లో కండ్లు ఎన్ని?"

"ఒకటి సార్. పక్కకి చూస్తుంది కదా."

"ఇక్కడ ఎన్ని?"

"రెండు. అంటే, ఒకటీ లేదు."

"అదే నేను చెప్పేది. డాలు మీద జంతువు పక్కకే చూడాల. యుద్ధానికి పోయేవాడు ఎడం చేతిలో డాలు పట్టుకుంటే, జంతువు మొహం శత్రువు పక్క ఉండాల. దొరలు ఊరికే పెట్టలేదు."

"ఇక్కడ శత్రువు ఎవురు సార్?" అన్నాడు మామయ్య.

"జ్ఞానముత్తూ, నవ్వులాట కాదు. పోయిన ఏడు వేరే ఊర్లో టోపీ తిరగేసి చెక్కినారని బిషప్పు ముందర అందరూ తల ఒంచుకోవాల్సి వచ్చె. ఆదివారం పొద్దున లోపల కండ్లు పెట్టించు. కమిటీ చూస్తాది. బాగుంటే ఉంటాది. బాగలేకుంటే కొట్టేసి సున్నం పూస్తాం. ఇంగొకటి, డాలు కింద డయాసిస్ వాక్యం తప్ప మనిషి పేరు ఉండకూడదు."

ఎస్తేరమ్మ అనే తమిళ అక్షరాలు అప్పటికే లాటిన్ పట్టీ కింద సిమెంటులో ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆర్చి కట్టించింది ఎవరు సార్? గొడుగు వేసుకుని నిలబడ్డం కాదు..." అని ఇంకేదో అన్నాను. మామయ్య నా మోచేయి పట్టుకున్నాడు. డేనియల్ సార్ గొడుగు మూసి, మళ్ళీ తెరిచి, వెళ్ళిపోయాడు.

"గొడుగు ఏం చేసె పాపా నిన్ను?" అన్నాడు మామయ్య.

సాయంత్రం ఒకాయన సైకిలు మీద వచ్చి టీ తాగుతున్నాడు. అందరూ "అయ్యరు, అయ్యరు" అంటున్నారు. ఈ ఊళ్ళో బ్రాహ్మలెక్కడ్నుంచి వచ్చారని చూస్తే ఆయన పాస్టరు. ఇక్కడ పాస్టరుని అయ్యరనే పిలుస్తారు. చిన్నవాడే. నేను ఆశగా ఆయన్ని అడిగాను, మీరు చెప్తే కమిటీ వినదా అని. "నేను వచ్చి ఆరు నెలలు. వాళ్ళు ఇక్కడే పుట్టినారు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బస్సులో చెప్తానన్న అసలు చిక్కు మామయ్య రాత్రి భోజనం దగ్గర చెప్పాడు. కళ్ళు ఎప్పుడూ ఆఖర్న పెడతాడట గురుసామి. పెట్టే రోజు వచ్చేసరికి ఎవరో సున్నం మాట ఆయన చెవిన వేశారు. కుంచె కడుక్కుని బస్సెక్కేశాడు. డేనియల్ సార్ వేరే పెయింటరుని పిలిస్తే, "ఇంకొకరు మొదలెట్టిన బొమ్మకి కన్ను నేను తెరవను" అని వాడూ వెళ్ళిపోయాడు.

సాత్తూరు

శనివారం గురుసామి ఇంటికి సాత్తూరు వెళ్ళాం. వాళ్ళదీ ఇంట్లో తెలుగే. ఆయన భార్య వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. "విరుదునగర్‌లో మేడ మీద పని. ఫోనా? ఆయనకి ఫోనెందుకు, కావాల్సినోళ్ళు వస్తారు గదా, మీరు రాలే?" అంది. అప్పటికి నా ఫోనులో చార్జింగు ఒక్క గీత. ఆవిడ మాటకి కోపం రావాలి, రాలేదు.

బస్సు కోసం నిలబడ్డ చోట దోసకాయలు నిలువుగా చీల్చి కారం ఉప్పు రాసి అమ్ముతున్నారు. సాత్తూరు దోసకాయ, సాత్తూరు కారసేవు అంటే ఆ వైపు పెద్ద పేరు. సేవు మన కారప్పూస కంటే లావు, మిరియం ఘాటు. మామయ్య గురుసామి కోసమని ఒక పొట్లం కట్టించాడు. బతిమాలే పనికి వెళ్తూ వట్టి చేతులతో వెళ్ళకూడదట.

రోడ్డుకి అవతల పాత స్కూలు గేటు. దాని నెత్తిన ఒక డాలు. పరిగెత్తాను. అదే టోపీ, అవే తాళంచెవి, కర్ర. లోపల మాత్రం ఏడాదికోసారి వేసిన సున్నం పొరలు పొరలుగా పేరుకుని గొర్రెపిల్ల ఒక ముద్దలా మిగిలింది. మొహం ఎటుందో తెలియలేదు. ఫోనుతో ఫోటో తీశాను. చిన్న స్క్రీనులో తెల్లటి మచ్చ. రేపు మామయ్యది కూడా ఇలాగే అవుతుందా అనుకున్నాను, గబగబా డిలీట్ చేశాను.

విరుదునగర్

గురుసామి ఒక వ్యాపారి మేడ పిట్టగోడ మీద రెండు నెమళ్ళు చేస్తున్నాడు. సన్నటి మనిషి, కనుబొమల మీద సిమెంటు. మమ్మల్ని చూసి తాపీ ఆపలేదు.

"అన్నా, నువ్వు వస్తే కూర్చో. ఆ పని మాట మాత్రం తీయొద్దు."

"ఈ పాపే బొమ్మ గీసింది" అన్నాడు మామయ్య.

"అట్లనా! బాగా గీస్తివి. మొహం ఒకటీ పక్కకి పెడితివి. వాకిలి మీద పెట్టేది వచ్చేవాణ్ణి చూడాల పాపా. పక్కింటిని చూసే బొమ్మ ఏంటికి?"

"అది తర్వాత మాట్లాడదాం. కళ్ళు పెట్టడానికి మీకు ఎంతసేపు పడుతుంది? పది నిమిషాలు. పది నిమిషాల పనికి మమ్మల్ని ఊరూరా తిప్పుతున్నారు. మీ నమ్మకాలు మీ గుళ్ళో పెట్టుకోండి."

ఆయన తాపీ పక్కన పెట్టాడు. కోప్పడలేదు. "ఇప్పుడు ఇది సిమెంటు" అని నెమలి తల తట్టాడు. "కన్ను లేదు గదా, నువ్వు దీని మీద కాలు పెట్టి ఎక్కు, నాకేం లేదు. తెరిచినాక ఇది సిమెంటు కాదు. దాన్ని కొడితే నా చేతికి తగుల్తాది. మీ సార్ ఏమన్నాడు? పెట్టు, చూస్తాం, బాగలేకుంటే కొట్టేస్తాం. కొట్టేసేదానికి కన్ను ఏంటికి తెరవాల? కొట్టం అని నలుగురి ముందర చెప్పమను. వస్తా."

కమిటీ కళ్ళు చూస్తే గానీ మాట ఇవ్వదు. ఈయన మాట వింటే గానీ కళ్ళు పెట్టడు. మేడ మీదే డేనియల్ సార్‌కి ఫోన్ చేశాను. ముందు పని పూర్తి కానీ, తర్వాత చూద్దాం అన్నాడు. ఎంత చెప్పినా అదే. నేను గొంతు పెంచాను, కింద వీధిలో వాళ్ళు తలెత్తి చూశారు. చార్జింగు అయిపోయింది. మాట మధ్యలో ఫోను చచ్చిపోతే ఎవరి మీద అరవాలో తెలియక నెమలి మీద అరిచాను.

"దానికింగా చెవులు గూడా పెట్టలే" అన్నాడు గురుసామి.

ముగ్గురం పరోటా అంగడికి వెళ్ళాం. విరుదునగర్‌లో పరోటాని పెనం మీద కాల్చరు, నూనెలో వేయిస్తారు. పైన కరకరమంటుంది, చేత్తో నలిపి సాల్నా అనే పల్చటి కూర పోస్తే మెత్తబడుతుంది. హైదరాబాదులో ఇది చెప్తే ఎవరూ నమ్మరు. నేను రెండు తిన్నాను. మామయ్య కారసేవు పొట్లం గురుసామి ముందు పెట్టాడు.

"నేను మాట ఇవ్వలేను గురుసామీ. ఇస్తే అబద్దం అవుతాది. అది సార్ చేతిలో ఉండాది, నా చేతిలో లేదు. వచ్చి చూడు, అంతే అడిగేది. రేపు నీకు మనసు రాకుంటే కన్ను లేకుండానే ఉండనీ. కొడితే నా ముందరే కొట్టనీ. నువ్వు పక్కన ఉంటే కొంచెం ధైర్యంగా ఉంటాది."

గురుసామి పొట్లం విప్పి సేవు నోట్లో వేసుకున్నాడు. "మా వీధి అంగడిది. నా ఇంటికి పోయి నా ఇంటిదానితో మాట్లాడే వస్తిరా? ఇంగ రాకుంటే అది నన్ను లోపలికి రానిస్తాదా" అన్నాడు.

ఆదివారం

తెల్లారేసరికి కాంపౌండ్లో అసనం పొయ్యిలు మండుతున్నాయి. అసనం అంటే ఊరంతా, ఎవరు తక్కువ ఎవరు ఎక్కువ అని లేకుండా ఒకే వరసలో కూర్చుని తినే చర్చి విందు. మన దగ్గర చర్చి భోజనాలంటే ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడతాం. ఇక్కడ ఆకు వేసి కూర్చోబెడతారు. గంపల కొద్దీ ఉల్లిపాయలు తరుగుతున్నారు, అందరి కళ్ళల్లోనూ నీళ్ళే కాబట్టి నావి ఎవరూ పట్టించుకోలేదు.

ఆర్చి కింద గురుసామి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పక్కన నల్లరంగు డబ్బా, కుంచె. ఎదురుగా డేనియల్ సార్, నెత్తిన టోపీ, చేతిలో నేను గీసిన కాగితం. కమిటీ వాళ్ళు నలుగురు. అయ్యరు తెల్లంగీ వేసుకుంటూ మధ్యలో వచ్చాడు.

"ముందు కండ్లు" అన్నాడు సార్.

"ముందు మాట" అన్నాడు గురుసామి.

"గుడిలో చేసేట్టు అద్దం పెట్టడం, ఆవుని నిలబెట్టడం, అవి మా కాంపౌండ్లోకి రావు. ముందే చెప్తా ఉండా."

"ఆవు వద్దు సార్. మొదటి చూపు మనిషి మీద పడకూడదు, ఎదురుగా ఎవురూ చూడకుండా ఉంటే చాలు. కొట్టనని మాత్రం చెప్పండి."

నేను నోరు తెరిచాను. అంతకుముందే మామయ్య మాట్లాడాడు.

"సార్, పేరు తీసేయిస్తా."

ఎవరికీ అర్థం కాలేదు.

"డాలు కింద మనిషి పేరు ఉండకూడదంటిరి గదా. సిమెంటు పెట్టి పూడ్పిస్తా, ఇప్పుడే. మొహం సంగతి మాత్రం వదిలేయండి. దాన్ని అట్లనే ఉండనీండి."

"మామయ్యా! అదొక్కటే కదా మీరు..." అని అడ్డుపడ్డాను.

"ఊరుకో పాపా."

డేనియల్ సార్ కాగితం మడిచాడు. పైకి చూశాడు, మామయ్యని చూశాడు. కమిటీలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "పేరు పోతే... సరి" అన్నాడు సార్ చివరికి. "కానీ కండ్లు చూడకుండా మాట నేనివ్వలేను. బిషప్పు వచ్చి అడిగితే నేను చెప్పాల."

మళ్ళీ మొదటికే వచ్చింది. అప్పుడు అయ్యరు అడిగాడు, "ప్రతిష్ఠ ప్రార్థన అయిపోయిన వస్తువుని కమిటీ కొట్టొచ్చా సార్?"

"అదెట్లా కుదురుతాది? దేవునికి ఇచ్చేసినాక."

"అయితే నేను ప్రార్థన చేస్తా. గురుసామన్న కళ్ళు పెట్టనీ. ఎవరు ముందు, ఎవరు వెనక అని లేదు, ఇద్దరం ఒకటేసారి. ప్రార్థనలో మేమంతా కళ్ళు మూసుకునే ఉంటాం గదా, ఎదురుగా చూసేవాళ్ళు ఎవరూ ఉండరు."

గురుసామి చేతులు విప్పాడు. డేనియల్ సార్ ఏదో అనబోయి, తన టోపీ తీశాడు.

గురుసామి నిచ్చెన ఎక్కి ముందు పేరు పూడ్చాడు. ఒక్కో అక్షరం మీదా తాపీ ఒకసారి. మామయ్య కింద నుంచి నిచ్చెన పట్టుకున్నాడు. అది చూడలేక నేను ఫోను తీశాను, చార్జింగు లేదు, మళ్ళీ లోపల పెట్టాను. పూడ్చడం అయ్యాక ఒక కమిటీ మనిషి నిచ్చెన పట్టుకున్నాడు, మామయ్య వెనక్కి వచ్చాడు.

"ప్రార్థన చేద్దాం" అన్నాడు అయ్యరు. ఉల్లిపాయలు తరిగేవాళ్ళు కూడా కత్తులు ఆపేసి తలలు వంచారు. నేనూ కళ్ళు మూసుకున్నాను. మూసుకుని ఉండలేకపోయాను. చెయ్యి వణికితే, రంగు కారితే, మెల్లకన్ను పడితే? తెరిచాను.

గురుసామి పక్కకి ఒరిగి, మొహం అటు తిప్పుకుని, కొనకంటితో చూస్తూ కుంచె ఆనించాడు. ఒక కన్ను. రెండో కన్ను. అంత మందీ తలలు వంచుకున్న చోట ఒక్క తల లేచి ఉంది. మామయ్య ఆర్చికి సరిగ్గా ఎదురుగా నిలబడి, రెండు కళ్ళూ తెరిచి పైకి చూస్తున్నాడు.

పిలవాలనిపించింది. ప్రార్థనలో పిలవలేను. ఆయనకి ఏమన్నా అయితే అని భయమేసింది. ఇలాంటివి నమ్మని నాకే. ఆమెన్ అన్నారు. గురుసామి దిగి, మామయ్య నిలబడ్డ చోటు చూసి, నాలిక కరుచుకుని, కుంచె కడుక్కోడానికి వెళ్ళాడు. డేనియల్ సార్ తలెత్తి చాలాసేపు చూశాడు. "కొంచెం మనిషి మాదిరి చూస్తా ఉండాది" అని, టోపీ పెట్టుకుని వంటల దగ్గరికి వెళ్ళిపోయాడు.

బిషప్పు కారు పది దాటాక వచ్చింది. ఆర్చి కింద నుంచి నేరుగా లోపలికి పోయింది. ఆయన ఫోను మాట్లాడుతున్నాడు, పైకి చూడలేదు.

మధ్యాహ్నం ఆకు ముందు మామయ్య పక్కన కూర్చున్నాను. అన్నం, మటన్ కూర, రసం. ఆయన మామూలుగానే తింటున్నాడు. నేనే రెండు మూడుసార్లు నుదురు తాకి చూశాను.

"జ్వరమా ఏంటికి చూస్తా ఉండావు?"

"మీరు కళ్ళు మూసుకోలేదు. నేను చూశాను. మొదటి చూపు మనిషి మీద పడకూడదని గురుసామి గారు చెప్పారు కదా."

"నువ్వూ మూసుకోలేదు గదా అయితే" అని నవ్వాడు. కాసేపు అన్నం కలిపాడు.

"మీ అత్తని బోర్డింగులో వదిలేస్తే, ఏడేండ్ల పిల్ల, పొద్దుగూకేదాకా వాకిట్లోనే నిలబడిందంట పాపా. లోపల్నించి ఎవురూ రాలేదంట. పైన ఆ గొర్రెపిల్ల ఒకటే. 'అది గూడా నా పక్క చూడలేదయ్యా' అని నిండా తూర్లు చెప్పేది. నవ్వతానే చెప్పేది. మొహం ముందరికి తిప్పమని గురుసామికి చెప్పింది నేనే. ఆయన మంచోడు, తన మీద వేసుకున్నాడు."

వడ్డించేవాళ్ళు కూర తెచ్చారు. నేను వద్దన్నాను. మామయ్య నా ఆకులో వేయించాడు.

"ఈ గొర్రెపిల్ల కొత్తగా వస్తా ఉండాది గదా ఈ వాకిట్లోకి. వచ్చినప్పుడు ఎదురుగా ఎవురూ లేకుంటే ఎట్లా?"